పన్ను తీసే ముందు మా మాత్రల డబ్బా ఓసారి చూడండి: విశాఖ దంతవైద్యులకు బహిరంగ లేఖ

విశాఖపట్నంలోని దంతవైద్యులందరికీ నమస్కారం.

నేను డాక్టర్‌ని కాను. బడిలో లెక్కలు చెప్పే టీచర్ని. మద్దిలపాలెంలో ఉంటాం. మా వంటింటి తలుపు పక్కన ఒక తెలుగు క్యాలెండర్ వేలాడుతూ ఉంటుంది. అందులో తిథులు, వర్జ్యాల పక్కన నీలం పెన్నుతో అంకెలు రాసి ఉంటాయి. 2, 3, 2, 3. నెలకోసారి ఎర్ర పెన్నుతో 2.7 అనో 3.1 అనో ఉంటుంది. ఇంటికొచ్చినవాళ్లు పాల లెక్క అనుకుంటారు. అది మా అమ్మ మాత్రల లెక్క.

అమ్మకి 68 ఏళ్లు. చిన్నప్పుడు వచ్చిన కీళ్లవాత జ్వరం గుండె వాల్వ్‌ని పాడుచేసింది. ఆ సంగతి బయటపడేసరికి ఆవిడకి యాభై దాటాయి. 11 ఏళ్ల కిందట మైట్రల్ వాల్వ్ తీసేసి మెటల్ వాల్వ్ వేశారు. రాత్రి కరెంటు పోయి ఫ్యాన్ ఆగినప్పుడు పక్కన పడుకుంటే అది టిక్కుటిక్కుమనడం వినిపిస్తుంది. ఆ వాల్వ్ మీద రక్తం గడ్డకట్టకూడదని అప్పట్నుంచి ఎసిట్రోమ్ వేసుకుంటోంది, ఒక రోజు 2 మిల్లీగ్రాములు, మర్నాడు 3. రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతోందో చెప్పే పరీక్ష అంకె, ఐఎన్ఆర్, 2.5కీ 3.5కీ మధ్య ఉండాలని గుండె డాక్టరు చెప్పారు. మా క్యాలెండర్‌లో ఎర్ర అంకెలు అవే. అందులో ఒక్క పేజీలో మాత్రం 8.4 అని ఉంది. ఈ ఉత్తరం ఆ పేజీ గురించి.

కిందటేడు వానాకాలంలో అమ్మకి కింద కుడివైపు దవడ పన్ను కదిలిపోయి, చిగురు వాచి, అన్నం నమలలేకపోయింది. తెలిసిన క్లినిక్‌కి తీసుకెళ్లాను. ఆ డాక్టరు గారి పేరు చెప్పను. చెప్పాల్సిన అవసరం కూడా లేదు, ఎందుకంటే ఆయన నిర్లక్ష్యంగా ఏమీ చేయలేదు. వాల్వ్ సంగతి నేనే చెప్పాను. ఐఎన్ఆర్ చేయించుకుని రమ్మన్నారు. ముందురోజు చేయిస్తే 2.9 వచ్చింది. మాత్ర ఆపక్కర్లేదన్నారు. వాల్వ్‌కి ఇన్ఫెక్షన్ సోకకుండా గంట ముందు అమాక్సిసిలిన్ 2 గ్రాములు వేయించారు. శనివారం సాయంత్రం పన్ను తీశారు, ఒక కుట్టు వేశారు, గాజుగుడ్డ కొరికించి అరగంట కూర్చోబెట్టారు. రక్తం ఆగింది. ఇంటికొచ్చి చల్లారిన గంజి తాగి అమ్మ పడుకుంది. ఇంతవరకు అంతా సరిగ్గానే జరిగింది.

వచ్చేటప్పుడు ఒక చీటీ ఇచ్చారు. మెట్రోనిడజోల్ 400 అనే యాంటీబయాటిక్ రోజుకి మూడుసార్లు, ఎసిక్లోఫెనాక్, పారాసెటమాల్ కలిపిన నొప్పి మాత్ర రోజుకి రెండుసార్లు, ఐదు రోజులు. మందుల షాపులో ఇచ్చారు, మేం తీసుకున్నాం. ఆ చీటీ రాసిన చేతికి అరగంట ముందు ఐఎన్ఆర్ కాగితం చూసిన సంగతి గుర్తు లేదు. పన్ను తీయడమనే ప్రమాదం దాటేశాం, ఇక ఫరవాలేదు అనుకున్నట్టున్నారు. నేనూ అలాగే అనుకున్నాను.

బుధవారం రాత్రి పదకొండున్నరకి అమ్మ నన్ను లేపింది. నోరు తెరవకుండా చేత్తో చూపించింది. లైటు వేస్తే దిండు మీద వేసిన తువ్వాలు సగం తడిసి ఉంది. నోరు తెరిస్తే పన్ను తీసిన చోట నల్లగా, మెత్తగా, బుడిపెలా ఏదో పైకి లేచి ఉంది. మాంసం కొట్లో కార్జం ముక్క ఎలా ఉంటుందో అలాగే. దాని పక్కనుంచి రక్తం సన్నగా ఊరుతూనే ఉంది. ధారగా కారితే మనిషి వెంటనే పరిగెడతాడు. ఇది అలా కాదు. ఉమ్మితే ఆగినట్టే ఉంటుంది, రెండు నిమిషాల్లో మళ్లీ నోరు నిండుతుంది. అమ్మ స్టీలు గిన్నె ముందు పెట్టుకుని ఉమ్ముతూ కూర్చుంది. ఉమ్మిన ప్రతిసారీ కడుతున్న గడ్డ ఊడిపోతుందని అప్పుడు మా ఇద్దరికీ తెలియదు. పక్కింటి పెద్దావిడ కాఫీ పొడి తెచ్చి అద్దింది. ఆవిడ మంచికే చేసింది. ఉప్పునీళ్లు పుక్కిలిస్తే ఆగుతుందని నేను పుక్కిలించమన్నాను. అదీ తప్పే. కొంతసేపటికి మింగిన రక్తం కడుపులో తిప్పి నల్లగా వాంతయింది. అప్పుడు భయం పట్టుకుంది.

క్లినిక్ బోర్డు మీదున్న నంబరుకి ఫోన్ చేస్తే రింగవుతోంది, ఎవరూ తీయడం లేదు. రాత్రి పన్నెండుకి ఎందుకు తీస్తారు? ఆటో దొరకలేదు, వాన. 108కి చేశాం. దగ్గర్లోని ఒక ఆస్పత్రి కాజువాల్టీలో డ్యూటీ డాక్టరు దూది కుక్కి గట్టిగా కొరకమన్నారు. "పళ్ల డాక్టరు గారు పొద్దున్న తొమ్మిదింటికి వస్తారమ్మా" అన్నారు. ఐఎన్ఆర్ పంపించారు. 8.4. కాగితం తెచ్చిన సిస్టర్ దాన్ని డాక్టరుకి ఇవ్వడానికి ముందు మళ్లీ ల్యాబ్‌కి ఫోన్ చేసి అంకె సరైనదేనా అని అడిగింది.

ఆ తర్వాత జరిగిన చర్చ నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. విటమిన్ కె ఎక్కువ ఇస్తే రక్తం త్వరగా గడ్డకడుతుంది, కానీ మెటల్ వాల్వ్ మీద కూడా కట్టొచ్చు. ఆ గడ్డ లేచి మెదడుకి వెళ్తే పక్షవాతం. ఇవ్వకపోతే నోట్లో రక్తం ఆగదు. గుండె డాక్టరుని నిద్రలేపి అడిగి, కొద్ది డోసు విటమిన్ కె ఇచ్చారు, ప్లాస్మా ఎక్కించారు. తెల్లారేదాకా అమ్మ కూర్చునే ఉంది. పడుకుంటే రక్తం గొంతులోకి జారుతోంది.

ఉదయం తొమ్మిదింటికి ఒక చిన్నమ్మాయి వచ్చింది. చదువు పూర్తి చేసి ఏడాదో రెండేళ్లో అయినట్టుంది. అద్దం, లైటు పట్టుకుని చూసి, ముందు ఆ కార్జం ముక్కలాంటి గడ్డని పూర్తిగా తీసేసింది. నా గుండె ఆగినంత పనైంది, రక్తం ఆపమంటే కట్టిన గడ్డనే తీసేస్తోందేంటని. "ఇది మంచి గడ్డ కాదండీ, వదులుగా ఉంటుంది, ఇది ఉన్నంతసేపు కింద కారుతూనే ఉంటుంది" అని చెబుతూనే సెలైన్‌తో కడిగింది. గుంటలో స్పాంజిలాంటి చిన్న ముక్క పెట్టింది. పాత కుట్టు పోయి రెండు కొత్త కుట్లు పడ్డాయి. కట్టిన గడ్డ కరగకుండా చూసే ట్రానెక్సామిక్ యాసిడ్ అనే మందులో తడిపిన గాజుగుడ్డ పెట్టి, చేతిగడియారం చూస్తూ అరగంట కొరికించింది. ఆగిపోయింది. రాత్రి పదకొండున్నర నుంచి ఆగని రక్తం ఆ అరగంటలో ఆగిపోయింది.

తర్వాత చేతులు కడుక్కుంటూ అడిగింది, "పన్ను తీశాక ఏం మందులు వాడారండీ?" చీటీ నా పర్సులోనే ఉంది. ఇచ్చాను. చూసి మొదటి లైను మీద వేలు పెట్టింది. "ఇదేనండీ" అంది.

డాక్టరు గార్లూ, నేను మీకు పాఠం చెప్పడానికి రాయడం లేదు. మీ చదువు మీది. కానీ ఆ ఒక్క వేలు ఎక్కడ పెట్టిందో తెలిశాక నేను చదివింది, గుండె డాక్టరు గారిని, ఆ అమ్మాయిని మళ్లీ మళ్లీ అడిగి తెలుసుకున్నది మీ ముందు పెడతాను. తప్పుంటే దిద్దండి.

లివర్‌లో ఎసిట్రోమ్‌నీ, అదే పని చేసే వార్ఫరిన్‌నీ అరగదీసే ఎంజైమ్ ఒకటుంది. మెట్రోనిడజోల్ దాన్ని అడ్డుకుంటుంది. మాత్ర డోసు అదే, కానీ శరీరంలో అది పేరుకుపోతుంది, అంటే ఎక్కువ డోసు వేసుకున్నట్టే. ఇది ఒక్క రోజులో తెలియదు, మూడు నాలుగు రోజులకి ఐఎన్ఆర్ ఎగబాకుతుంది. అందుకే శనివారం తీసిన పన్ను బుధవారం రాత్రి దాకా బాగానే ఉంది. ఫంగస్‌కి ఇచ్చే ఫ్లూకోనజోల్, యాంటీబయాటిక్‌లైన ఎరిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్ కూడా ఐఎన్ఆర్ పెంచే మందులే. నోటి పూతకి చిగుళ్ల మీద రాసే మైకోనజోల్ జెల్ కూడా! పైకి రాసేదే కదా అనిపిస్తుంది. నోట్లోంచి అది రక్తంలోకి వెళ్తుంది, వార్ఫరిన్ వాడేవాళ్లలో ఐఎన్ఆర్‌ని ప్రమాదకరంగా పెంచుతుంది.

నొప్పి మాత్రల సంగతి వేరు. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్, మన ఊళ్లో పళ్ల నొప్పికి ఎవరినడిగినా చెప్పే నీళ్లలో కరిగే కెటొరోలాక్, ఇవన్నీ రక్తం గడ్డకట్టడానికి పనికొచ్చే ప్లేట్‌లెట్ కణాల పని మందగింపజేస్తాయి, కడుపులో పుండు కూడా తేగలవు. ఇప్పటికే రక్తం ఆలస్యంగా గడ్డకట్టే మనిషికి ఇది రెండో దెబ్బ. ఇక్కడ ఒక మాట. చీటీలో "పారాసెటమాల్" అన్న అక్షరాలు చూసి నేను ధైర్యంగా ఉన్నాను, గుండె డాక్టరు గారు నొప్పికి అదే వాడమనేవారు గనక. కానీ అది కలిపిన మాత్ర. ముందు పేరు ఎసిక్లోఫెనాక్. నాలాంటివాళ్లు కలిపిన మాత్రలో రెండో పేరే చూస్తారు, ఎందుకంటే వాళ్లకి తెలిసిన పేరు అదే. ఉట్టి పారాసెటమాల్ అని మీరు నోటితో చెప్పి, "ఇంకే నొప్పి మాత్రా కలపొద్దు" అని రాస్తే చాలు. (అది కూడా రోజుల తరబడి ఎక్కువ డోసులో వేసుకుంటే ఐఎన్ఆర్ పెరుగుతుందని తర్వాత తెలిసింది. రెండు మూడు రోజులకైతే అంత టెన్షన్ అక్కర్లేదట.)

చదువుతున్నప్పుడు ఒక పాత సంగతి తగిలింది. 1920ల్లో అమెరికాలోనూ కెనడాలోనూ పశువులు కొమ్ములు కోసినా, చిన్న గాయమైనా రక్తం ఆగక చచ్చిపోయేవట. బూజు పట్టిన స్వీట్ క్లోవర్ గడ్డి తినడం వల్ల. 1933 చలికాలంలో విస్కాన్సిన్ రైతు ఒకాయన మంచు తుపానులో చచ్చిన పెయ్యనీ, పాల క్యాన్ నిండా గడ్డకట్టని రక్తాన్నీ తీసుకుని యూనివర్సిటీకి వెళ్లాడు. కార్ల్ పాల్ లింక్ అనే శాస్త్రవేత్త ల్యాబ్ అక్కడ మొదలుపెట్టిన పనిలోంచే వార్ఫరిన్ వచ్చింది. 1948లో ఎలకల మందుగా అమ్మారు, 1954లో మనుషులకి అనుమతించారు. ఎసిట్రోమ్ ఆ కుటుంబంలోదే. ఆ రైతు క్యాన్ గురించి చదివినప్పుడు నాకు మా స్టీలు గిన్నె గుర్తొచ్చింది. చిన్న గాయం దగ్గరే ఈ మందు తన బలం చూపిస్తుందని తొంభై ఏళ్ల కిందటే తెలిసిన విషయం.

ఇక్కడ ఆపేస్తే మీలో కొందరు "అయితే పన్ను తీసే ముందు ఆ మాత్రలు ఆపేయమంటాం" అంటారేమోనని నా భయం. దయచేసి అలా అనకండి. నేను రాయాలనుకున్న రెండో సగం ఇదే. రక్తం కారడం కంటే ఇది ఘోరం.

మా పైవాటాలో ఒక బాబాయ్ గారు ఉండేవారు. స్టీల్‌ప్లాంట్‌లో చేసి రిటైరయ్యారు. గుండెకి స్టెంట్ వేసి నాలుగు నెలలు. స్టెంట్‌లో గడ్డకట్టకుండా ఎకోస్ప్రిన్ (ఆస్పిరిన్), క్లోపిడోగ్రెల్ రెండూ వాడుతున్నారు. పన్ను తీయించుకోవాలని ఫోన్ చేస్తే, "రక్తం పలచబడే మాత్రలు వారం ముందు ఆపేసి రండి" అని అవతలివాళ్లు చెప్పారు. ఆ మాట చెప్పింది డాక్టరా, అపాయింట్‌మెంట్లు రాసే అమ్మాయా, తెలియదు. ఆయన క్రమశిక్షణ గల మనిషి, చెప్పినట్టే ఆపేశారు. ఆరో రోజు తెల్లవారుజామున ఛాతీలో నొప్పి. స్టెంట్ మూసుకుపోయింది. పన్ను అలాగే ఉంది, ఆయన లేరు. పిన్ని గారు ఇప్పుడు కొడుకు దగ్గర హైదరాబాద్‌లో ఉంటున్నారు.

ఎకోస్ప్రిన్ ప్లేట్‌లెట్‌ని ఒకసారి పట్టుకుంటే ఆ ప్లేట్‌లెట్ బతికినన్నాళ్లూ వదలదు. ప్లేట్‌లెట్ బతికేది వారం, పది రోజులు. "వారం ఆపండి" అన్న మాట బహుశా అక్కణ్ణుంచి పుట్టింది. కానీ పన్ను తీసిన గుంట కంటికి కనిపించేది, వేలికి అందేది. అక్కడ రక్తం కారితే గుడ్డ పెట్టి నొక్కొచ్చు, కుట్టు వేయొచ్చు. గుండెలో స్టెంట్ మీద గడ్డకడితే అక్కడికి వేలు వెళ్లదు. ఒకటో రెండో పళ్లు తీయడానికి ఎకోస్ప్రిన్ ఆపక్కర్లేదనీ, స్టెంట్ వేసినవాళ్ల రెండు మాత్రలు గుండె డాక్టరుని అడక్కుండా ముట్టుకోకూడదనీ, ఐఎన్ఆర్ 4 లోపు ఉంటే వార్ఫరిన్ ఆపకుండానే పన్ను తీయొచ్చనీ బ్రిటన్‌లో దంతవైద్యులకి రాసిపెట్టిన మార్గదర్శకాల్లో స్పష్టంగా ఉంది. మన దగ్గర చాలామంది డాక్టర్లు ఇంకాస్త జాగ్రత్తగా 3.5 దాటితే వాయిదా వేస్తారు. అది మీ నిర్ణయం. ఆ పరీక్ష మాత్రం వీలైనంతవరకు పన్ను తీసే ముందు 24 గంటల్లోపు చేసినదై ఉండాలి. పోయిన నెల కాగితం పనికిరాదు.

రక్తం పలచబడటానికి కొత్తగా వచ్చిన మాత్రలు ఇంకో చిక్కు. డాబిగాట్రాన్, రివరాక్సబాన్, ఎపిక్సబాన్. వీటికి ఐఎన్ఆర్ పరీక్ష అక్కర్లేదని గుండె డాక్టర్లు చెబుతారు, అది నిజమే. దాంతో పేషెంటు మనసులో ఇది "పరీక్ష అక్కర్లేని మందు" అయిపోయి, కొన్నాళ్లకి "ప్రమాదం లేని మందు" అయిపోతుంది. మీ దగ్గర కుర్చీలో కూర్చుని "వార్ఫరిన్ వాడుతున్నారా?" అంటే "లేదండీ" అంటారు. అబద్ధం కాదు. ఈ మందుల ప్రభావం వేసుకున్న కొన్ని గంటలకి ఎక్కువగా ఉండి రోజు లోపల తగ్గుతుంది గనక, ఏ పూట వేసుకున్నారన్నది ముఖ్యం. ఒక పన్నుకైతే మామూలుగా ఆపక్కర్లేదు. ఎక్కువ పళ్లు తీయాలంటే ఆ ఉదయం డోసు వెనక్కి జరపాలా అన్నది ఆ మందు రాసిన డాక్టరుతో మాట్లాడి తేల్చాల్సిన పని, పేషెంటు నిర్ణయించేది కాదు.

అందుకే నా మొదటి అభ్యర్థన మీ ప్రశ్న గురించి. మేం ఎక్కడికెళ్లినా అడిగేది ఒకటే. "బీపీ, షుగర్ ఉన్నాయా అమ్మా?" లేవంటే తల ఊపి ఎక్స్‌రే తీస్తారు. మా అమ్మకి బీపీ లేదు, షుగర్ లేదు. నేను పక్కన లేకపోతే ఆవిడ "లేవు బాబూ" అని నోరు తెరిచి ఉండేది. గుండె సంగతి ఎందుకు చెప్పలేదమ్మా అంటే "పంటికీ గుండెకీ ఏం సంబంధం?" అంటుంది. జబ్బు పేరు అడక్కండి, మాత్రలు చూపించమనండి. "రోజూ ఏ మాత్ర వేసుకుంటారు? సంచీలో ఉందా? లేకపోతే ఇంటికి ఫోన్ చేసి ఫొటో పంపించమనండి." ఇది రెండు నిమిషాల పని.

మాత్రలు చూపించమన్నా ఒక్కోసారి తెలియదు. మా అమ్మ మందుల డబ్బా పాత బిస్కెట్ డబ్బా. అందులో కత్తెరతో కోసిన స్ట్రిప్ ముక్కలు. పది మాత్రలు కొనే డబ్బు లేక నాలుగు కొంటే మందుల షాపులో నాలుగే కోసి ఇస్తారు. కోసేటప్పుడు పేరున్న వైపు షాపులో ఉండిపోయి, పేరు లేని వైపు మా ఇంటికి వస్తుంది. ఆ ముక్కల్లో ఒకదాని మీద "ట్రోమ్ 2" అని మిగిలింది, ఇంకోదాని మీద గడువు తేదీ సగం. మందుల షాపుల వాళ్లకి కూడా ఈ ఉత్తరం చేరితే ఒక మాట: పేరు, డోసు ఉన్న ముక్కనే కోసి ఇవ్వండి. కుదరకపోతే కవరు మీద పెన్నుతో రాయండి. పళ్ల నొప్పి అని వచ్చినవాళ్లకి చీటీ లేకుండా మెట్రోనిడజోల్, కెటొరోలాక్ చేతిలో పెట్టకండి. మా అమ్మలాంటివాళ్లు మీ దగ్గరికే ముందు వస్తారు, డాక్టరు దగ్గరికి కాదు.

ఈ నగరానికి పళ్లు తీయించుకోవడానికి వచ్చేవాళ్లు విశాఖవాళ్లే కారు. శ్రీకాకుళం, విజయనగరం నుంచి, పాడేరు, అరకు కొండల మీద నుంచి వస్తారు. ఆరోగ్యశ్రీ వచ్చాక వాల్వ్ ఆపరేషన్లు చేయించుకున్న బీదవాళ్లు పల్లెల్లో ఎందరో ఉన్నారు. ఆపరేషన్ ఉచితంగా అయింది, ఆ తర్వాత జీవితాంతం వాడాల్సిన మాత్ర, నెలనెలా చేయించాల్సిన పరీక్ష మాత్రం వాళ్ల నెత్తిన పడ్డాయి. ఉద్దానం నుంచి డయాలసిస్ పేషెంట్లు వస్తారు. డయాలసిస్ చేసేటప్పుడు మిషన్‌లో రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తారు. పైగా కిడ్నీ పాడైనప్పుడు ప్లేట్‌లెట్లు కూడా సరిగా పనిచేయవు. వాళ్లకి డయాలసిస్ అయిన మర్నాడు పన్ను తీయడం మంచిదంటారు, ఆ రోజే కాదు. "మందులేం వాడుతున్నారు" అంటే వాళ్లు హెపారిన్ పేరు చెప్పరు, అది వాళ్లు మింగేది కాదు గనక. "డయాలసిస్ ఎప్పుడు చేయించారు?" అని అడగాలి.

శనివారం సాయంత్రం, ఆదివారం గురించి కూడా అడగాలి. తప్పు మాది కూడా. ఉద్యోగం, బడి, సెలవు చూసుకుని వారాంతంలోనే వస్తాం. కానీ రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్ల పన్ను వారం మొదట్లో, ఉదయం పూట తీస్తే, తిమ్మిరి ఇంజక్షన్‌లో రక్తనాళాలు ముడుచుకునేలా కలిపే అడ్రినలిన్ ప్రభావం రెండు మూడు గంటలకి తగ్గి మళ్లీ రక్తం వచ్చినా మీరు క్లినిక్‌లోనే ఉంటారు. మర్నాడు వచ్చినా ఉంటారు. మేం సెలవు పెట్టలేం అంటే, పెట్టండి అని గట్టిగా చెప్పండి. నేనైతే పెట్టి ఉండేదాన్ని. ఎవరూ చెప్పలేదు.

పన్ను తీశాక ఇచ్చే కాగితం తెలుగులో ఇవ్వండి. మొదటి 24 గంటలు పుక్కిలించొద్దు, ఉమ్మొద్దు, స్ట్రాతో తాగొద్దు, వేడిగా ఏమీ తినొద్దు. రక్తం వస్తే గాజుగుడ్డ తడిపి మడిచి సరిగ్గా గుంట మీద పెట్టి, మధ్యలో తీసి చూడకుండా, గడియారం చూస్తూ 20 నిమిషాలు గట్టిగా కొరకాలి. ఇంట్లో దొరికిన దూది, కాఫీ పొడి, పసుపు పెట్టొద్దు. కూర్చునే ఉండాలి. ఆగకపోతే ఈ నంబరుకి ఫోన్ చేయాలి. ఆ నంబరు రాత్రి కూడా ఎత్తేదై ఉండాలి. ఒక్కో డాక్టరు రాత్రంతా మేలుకోవాలని నేను అనడం లేదు. కానీ 1923 నుంచి వైద్య కళాశాల ఉన్న ఊరు ఇది. చుట్టుపక్కల డెంటల్ కాలేజీలు ఉన్నాయి. మీ సంఘంలో మీరు మీరు మాట్లాడుకుని, రోజుకొకరు చొప్పున రాత్రి ఫోనెత్తే ఏర్పాటు ఒకటి చేయలేరా? ఆ రాత్రి నాకు కావాల్సింది డాక్టరు రావడం కాదు. "ఉమ్మనివ్వకండి, పుక్కిలించనివ్వకండి, గుడ్డ ఇలా పెట్టి నొక్కండి" అని ఫోన్లో చెప్పే ఒక్క గొంతు.

ట్రానెక్సామిక్ యాసిడ్ గురించి కూడా అడుగుతాను. జపాన్‌లో ఒకమోటో దంపతులు కనిపెట్టిన మందు, 1962లో ప్రచురించారు. కట్టిన గడ్డని కరగనివ్వదు. 500 మిల్లీగ్రాముల మాత్రని నలిపి 10 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపితే 5 శాతం ద్రావణం అవుతుందని ఆ చిన్నమ్మాయి డాక్టరు చూపించింది. లెక్క నేనూ వేసి చూశాను, సరిపోయింది. దాంతో గాజుగుడ్డ తడిపి కొరికించొచ్చు, తర్వాత రెండు రోజులు రోజుకి నాలుగుసార్లు నోట్లో రెండు నిమిషాలు ఉంచుకుని మెల్లగా వదిలేయొచ్చు. ఖరీదైన మందు కాదు. ఎవరికి వాడాలో, ఎవరికి వద్దో మీకే తెలుసు. అలాంటి పేషెంటు వచ్చిన రోజున అది మీ క్లినిక్‌లో ఉందా అన్నదే నా ప్రశ్న.

గుండె డాక్టర్లకి కూడా ఒక్క మాట. డిశ్చార్జి కాగితాలు ఇరవై పేజీల ఇంగ్లీషులో ఇస్తారు. వాటితో పాటు చేతిలో పట్టేంత ఒక కార్డు తెలుగులో ఇవ్వండి: "నాకు మెటల్ వాల్వ్ ఉంది. రక్తం గడ్డకట్టకుండా ఫలానా మాత్ర వాడుతున్నాను. నా ఐఎన్ఆర్ ఇంత ఉండాలి. ఈ మందులు నాకు ఇవ్వకండి. ఏదైనా ఆపే ముందు ఈ నంబరుకి ఫోన్ చేయండి." మా అమ్మ కార్డు నేనే అట్టముక్క మీద రాసి, ప్లాస్టిక్ కవరు వేయించి, ఆవిడ పర్సులో పెట్టాను. మా బడిలో ఆయా తన భర్తకి అలాంటిదే రాయించుకుంది. ఆయనకి వాల్వ్ వేసి మూడేళ్లు. ఎసిట్రోమ్ అన్న పేరు ఆవిడకి నోరు తిరగదు, "ఆ పసుపు కవరు మాత్ర" అంటుంది.

అమ్మ తేరుకోవడానికి మూడు వారాలు పట్టింది. మెట్రోనిడజోల్ ఆపాక ఐఎన్ఆర్ దిగి, ఒక వారం 1.8కి పడిపోయింది. ఆ వారం మాకు ఆ రాత్రి కంటే ఎక్కువ భయం వేసింది, వాల్వ్ టిక్కుటిక్కు వినపడుతోందా అని నేను రాత్రిళ్లు లేచి వినేదాన్ని. ఆకుకూరల్లో విటమిన్ కె ఉంటుంది కదా, తోటకూర, గోంగూర మానేయాలా అని అమ్మ అడిగింది. మానక్కర్లేదు, ప్రతివారం ఒకే మోతాదులో తినమన్నారు డాక్టరు గారు. ఇప్పుడు క్యాలెండర్‌లో మళ్లీ 2.8, 3.0 పడుతున్నాయి.

ఇప్పుడు కింద ఎడమవైపు ఇంకో పన్ను కదులుతోంది. పోయినసారి భయంతో ఆవిడ నెలన్నరగా ఒకవైపే నములుతోంది, ఎవరికీ చెప్పలేదు. వచ్చే సోమవారం ఉదయం సెలవు పెట్టాను. ఆదివారం ఐఎన్ఆర్ చేయిస్తాను. అట్టముక్క కార్డు, బిస్కెట్ డబ్బా రెండూ సంచీలో పెట్టి మీలో ఒకరి దగ్గరికి తీసుకొస్తాను. పన్ను తీశాక చీటీ రాసే ముందు ఆ డబ్బా మూత ఇంకోసారి తెరవండి.

ఇట్లు,
ఒక కూతురు,
మద్దిలపాలెం, విశాఖపట్నం